ముంగటికొచ్చి మాట్లాడు

మొన్న మా పక్కింటామె కొత్తింట్లకు హోం థియేటర్ కొంటనంటే తోడు పోయిన. గా డబ్బల సంగతి నాకు బాగ ఎరుకని ఆమె నమ్మకం. ఒకప్పుడు మా మామ ఎంబడి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దుకాణాలు తిరిగిన పాపానికి మా వాడకట్టుల నాకు గీ పేరొచ్చింది. దుకాణపాయన పొడుగు స్పీకర్‌ను టీవీ కింద పెట్టి, బేస్ డబ్బను మూలకు జరిపి, పాట పెట్టిండు. "ఎట్లున్నదక్కా?" అని నన్నే అడిగిండు. నేను జవాబు చెప్పుడు ఇడిసిపెట్టి, చెప్పులు విడిచి, ఉత్త కాళ్లతోని బండ మీద నిలవడ్డ. నాకు సోయే లేదు. పక్కింటామె నా కాళ్ల దిక్కు చూసి "ఏమైందే, ముల్లిరిగిందా" అన్నది.

ఏం లేదు, మా మామ యాదికొచ్చిండని చెప్పిన. ఆయన పోయి ఇంక సంవత్సరీకం గూడ కాలే.

మామంటే మా అమ్మ తమ్ముడు. సిరిసిల్లల సాంచాలు నడిపేటోడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. సొంతయి కావు, కూలికే. మామకు, అత్తకు పిల్లలు కాలేదు. చిన్నప్పటి సంది నన్నే బిడ్డ అనుకున్నరు. పెండ్లైనంక మా ఆయన మస్కట్ పోయిండు, నేను జగిత్యాలల బ్లౌజులు కుట్టుకుంట ఉంటున్న. ఆ ఇంట్ల మంచైనా చెడైనా ఫోన్ నాకే వస్తుండె. ఫోన్ చేసేది మాత్రం అత్తనే. మామ ఫోన్ల మాట్లాడిండని మా చుట్టాలల్ల ఒక్కలు చెప్పరు. వీడియో కాల్ అయితే ముఖం తెరల దూర్చినట్టు పెట్టి మస్తు ముచ్చట పెడ్తడు. ఉత్త ఫోన్ చేతికిస్తే "నెట్‌వర్క్ లేదు" అని అత్తకు ఇచ్చేస్తడు. ఊరందరికి ఉన్న నెట్‌వర్క్ గీయనొక్కనికే ఎందుకుండదని నేను నవ్వేదాన్ని.

మనిషి సన్నగ, పొడుగ్గ ఉండె. ఇంట్లనైనా, షెడ్డులనైనా చెప్పులేసుకునుడు లేదు. మాట కరుకు. ఆయన నోట్లకెళ్లి అన్నిటికన్న ఎక్కువ వచ్చిన మాట ఏందంటే, "ముంగటికొచ్చి మాట్లాడు." పక్కకెళ్లి పలకరించినా, ఎన్కకెళ్లి పిలిచినా గదే మాట. చిన్నపిల్లలైనా సరే, ఊరి పెద్దమనుషులైనా సరే. ఎన్కకెళ్లి మాట్లాడేటోని మాట నేనిన, అనేటోడు. మా చుట్టాలల్ల సగం మంది గీ మనిషికి పొగరని అనుకున్నరు. మిగిలిన సగం మంది మస్తు పొగరని అనుకున్నరు.

నా పెండ్లప్పుడు గీ మాటతోనే పెద్ద లొల్లి అయింది. మా ఆయన పెదనాయన, పెద్దమనిషి, మామ ఎన్క కుర్సీల కూసోని "బావగారూ, ఇగ భోజనాలకు లేద్దమా" అన్నడట. మామ మలుగలే. ఆయన మల్ల అన్నడు. మూడోసారి భుజం మీద చెయ్యేస్తే మామ గిర్రున తిరిగి "ముంగటికొచ్చి మాట్లాడు" అన్నడు. గంతే, పిల్లగాని దిక్కోళ్లంత ఒక్కసారి లేచిన్రు. మా పెద్దమనిషిని గంత మాటంటరా అని ఒకలు, అక్షింతలు పడ్డంక గూడ గీ అహంకారమేందని ఇంకొకలు. మా అమ్మ ఏడుపందుకున్నది. నేను పెండ్లి పీటల మీద కూసోని మామ దిక్కు ఉరిమి చూసిన. ఆయన మాత్రం అందరి ముఖాలు ఒక్కొక్కటి చూసుకుంట నిలవడ్డడు. అవుతలోళ్ల మూతులు తిడుతున్నయని ఎరుకైంది గని, ఎందుకు తిడుతున్నరో ఆయనకు ఎరుక లేదని నాకు శాన ఏండ్లకు గాని సమజ్ గాలే.

ఇంకా ఉన్నయి ఆయన చేష్టలు. మా తమ్ముడు పెదిమెల మీదికి మీసం పెంచితే రెక్క పట్టుకొని మంగలి దుకాణానికి తోల్కపోయిండు. పాన్ నమిలేటోన్ని చూస్తే "నోట్లెది ఉమ్మి మాట్లాడు" అంటడు. ఊరంత మూతికి గుడ్డ కట్టుకున్న కరోనా దినాలల్ల గడప దాటలే. రోగానికి గింత భయమా అని వాడకట్టోళ్లు నవ్వితే నేను గూడ నవ్విన.

చిన్నప్పుడు సెలవులకు పోతే అత్త నాకు సద్దిగిన్నె ఇచ్చి షెడ్డుకు పంపేది. లోపట గుంపుడు సాంచాలు ఒక్కసారి టకటకమంటుంటే నా పండ్లు జిల్లుమంటుండె. ఆడ ఎవ్వలు అరువరు. అరిచినా లాభం లేదు. మూతి కదిలిస్తరు, చెయ్యాడిస్తరు, ఎదుటోనికి సమజైపోతది. గా కొస నుంచి ఈ కొసకు పరాష్కాలు గూడ గట్లనే ఆడుకునేటోళ్లు. మామ ఉత్త కాళ్లతోని సాంచాల నడుమ తిరుగుకుంట ఉండి, ఒకటి ఆగితే చూడకముందే దాని దిక్కు మలిగేటోడు. ఎట్ల ఎరుకైందని అడిగితే కాళ్లు చూపించి నవ్వేటోడు.

గా సప్పుడును దాటుకొని పోయే గొంతు మా అత్తది. వాకిట్ల నిలవడి "ఏమయ్యా, ఇంటున్నవా" అన్నదంటే నాలుగిండ్ల అవుతల మేకలు గూడ తలెత్తుతుండె. ఆమె మెల్లగ మాట్లాడుడు నేనెన్నడు ఇనలే. ఆయన చెవుల పక్కన కూసున్నా గంతే గొంతు. మొగుడు పెండ్లాల ముచ్చట వాడ మొత్తానికి తెలుస్తుండె. బిచ్చం అడిగేటాయన గూడ మా అత్త ఇంట్ల ఏం కూర వండిందో వాకిట్లకు రాకముందే తెలుసుకొని వచ్చేటోడని పరాష్కం ఆడేటోళ్లు.

గసొంటి గొంతుకు గడ్డ లేచింది. ఆపరేషన్ అయింది. గడ్డ మంచిదే, భయం లేదన్నరు. గొంతు సన్నబడొచ్చని డాక్టర్ ముందుగాలనే చెప్పిండు, గట్లనే అయింది. గుసగుస తప్ప ఇంకేం వస్తలేదు. అత్త కొన్నాళ్లు ఎవ్వలతోని మాట్లాడలే. నోరు తెరిచి, ఏం రాకపోతే మూసుకునేది.

అసలు కథ గక్కడికెళ్లి మొదలైంది. మామ దినాం టీవీతోని కొట్లాట పెట్టుకున్నడు. సౌండు పెంచుడు, రిమోట్ ఇసిరేసుడు. "సప్పుడున్నది గాని మాట లేదు" అనేటోడు. షెడ్డుకు పోవుడు బందయింది, పొద్దంత గా టీవీ ముంగటనే ఉంటుండె. ఒకనాడు పగటీలి అత్త ఎన్క ఉన్న బాత్రూంల సబ్బు మీద కాలేసి జారిపడ్డది. కాలు మెలవడ్డది, లేవరాలే. పిలిచింది. గుసగుస గోడ దాటుతదా. ముందటి అర్రల మామ టీవీ పెట్టుకొని కూసున్నడు. ఆమె చెంబు తీసుకొని బకెట్ మీద కొట్టింది. కొట్టంగ కొట్టంగ పెరుగు తోడుకు వచ్చిన పక్కింటి ముసలామెకు ఇనవడ్డది. ఆమె వచ్చి, మామ ముంగట నిలవడి, "నీ పెండ్లాం ఆడ సచ్చిపోతుంటే నువ్వు టీవీ చూస్తున్నవా" అన్నది.

బొక్క ఇరుగలే, దేవుని దయ. నేను పోయేటాలకు అత్త మంచం మీద ఉన్నది, మామ మంచం కోడు పట్టుకొని కింద కూసున్నడు. నా నోరు ఆగుతదా. "చెవులు చూపించుకోరాదు, ఏం మనిషివి నువ్వు" అని అరిచిన. ఆయనకు కోపం గుప్పున వచ్చింది. "నా చెవులకేమైంది? మీ అత్త గొంతు పోయింది. పోయి డాక్టర్ను అడుగు" అన్నడు. అత్త నా చెయ్యి పట్టుకొని వద్దన్నట్టు తలూపింది.

గా దినం సంది ఆయన అత్తను ఇడిసిపెట్టలే. ఆమె వంటింట్లకు పోతే వంటింటి గడపల కూసుంటడు. బాత్రూంకు పోతే బయట నిలవడి తలుపునే చూస్తడు. గొళ్లెం పెట్టనియ్యడు. బజారుకు పోడు, ఎవ్వలింటికి పోడు. "నాకు ఊపిరి ఆడుతలేదు బిడ్డా, నీడ లెక్క ఎంబడి పడ్తున్నడు" అని అత్త వీడియో కాల్‌ల చెప్పింది. ఎన్క ఆయన తలకాయ గూడ కనవడ్తుండె.

ఇట్లుండంగ ఒక పొద్దున పక్కింటి ముసలామెను అత్త కాడ కూసోబెట్టి, బోయినపల్లి, మల్యాల మీదికెళ్లి బస్సులు మారి, మామ జగిత్యాలల దిగిండు. నా మిషన్ ముంగటికొచ్చి నిలవడి, "కోడలా, హోం థియేటర్ కొనాలె. తీగలు లేంది. నాకు గవి సమజ్ గావు, నువ్వు రావాలె" అన్నడు.

నాకు మండింది. చేతుల కత్తెర ఉండె, బల్ల మీద గట్టిగ పెట్టిన. "పెండ్లాం పడితే పిలుపు ఇనవడలే. నీకిప్పుడు సినిమా సోకు అయితుందా?" అన్న. ఆయన నా ముఖమే చూసుకుంట, "వస్తవా రావా" అన్నడు. గా మొండి మొఖం చూస్తే తిట్టబుద్ధి అయితది, పంపబుద్ధి గాదు. పోయిన.

జగిత్యాలల దుకాణంల సేల్స్‌మన్ మస్తు ఉషారు మనిషి. వేరే భాషలకెళ్లి తెలుగుల డబ్బింగ్ చేసిన సినిమా ఒకటి పెట్టిండు. దుకాణం అద్దాలు అదిరినయి. నేను చెవులు మూసుకున్న. మామ తెర దిక్కు కండ్లు చిన్నగ చేసి చూసి, తల అడ్డంగ ఊపిండు. "సప్పుడున్నది గాని మాట లేదు."

సేల్స్‌మన్ ఇంకోటి పెట్టిండు, గదే సినిమా. మామ మల్ల గదే మాటన్నడు. ఇంకా ఏవేవో అడిగిండు. బేస్ డబ్బకు తీగ లేదు గదా, గోడ అవుతల పెడితే పనిచేస్తదా? దీనికి మైకు వస్తదా? మైకు పట్టుకొని ఎంత దూరం పోవచ్చు? ఇంట్ల పాటలు పాడుతరా సార్ అని సేల్స్‌మన్ ఎన్కకెళ్లి అడిగిండు. మామ పలుకలే. ఆయన మల్ల అడిగిండు. మామ స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి నిలవడ్డడు, ఆయన దిక్కు తిరుగనే లేదు. సేల్స్‌మన్ నా దిక్కు చూస్తే నాకు తల తీసేసినట్టయింది. "ఆ, పాడుతడు, మా మామ పెద్ద పాటగాడు" అని చెప్పి బయటికి గుంజుకొచ్చిన.

వారం తిరిగినంక కోరుట్లల పెద్ద షోరూమ్ ఉన్నదని ఎవ్వలో చెప్పిన్రట, మల్ల వచ్చిండు. ఆడ చల్లగ ఏసీ, మెత్తటి సోఫాలు. మల్ల డబ్బింగ్ సినిమానే పెట్టిన్రు. "సప్పుడున్నది గాని మాట లేదు" అన్నడు మామ. సేల్స్‌మన్‌కు ఇసుగొచ్చి రిమోట్ నొక్కుకుంట పోతే తెలుగు వార్తలు వచ్చినయి. ఒకామె సక్కగ మన దిక్కే చూసుకుంట వార్తలు చదువుతున్నది. మామ ముఖం ఇప్పారింది. ముంగటికి వంగి, "ఇగో, దీంట్ల మాటున్నది. ఇది చూపియ్యి" అన్నడు.

"సార్, ఇది గదే డబ్బ. మార్చలే" అన్నడు సేల్స్‌మన్. పక్కన ఇంకొకాయన కిసుక్కున నవ్విండు.

నాకు నవ్వు రాలే. వార్తలామె మూతి చూసిన. మామ కండ్లు చూసిన. సినిమాల మనిషి మూతి ఒకటంటది, మాట ఇంకొకటి వస్తది. వార్తలామె మూతి ఏమన్నదో మాట గదే. పెండ్లిల లొల్లి, మా తమ్ముని మీసం, కరోనా దినాలు, నెట్‌వర్క్ లేని ఫోన్ అన్నీ ఒక్కతాననే నెత్తి మీద పడ్డట్టయింది. ఏండ్ల సంది గీ మనిషి మేము మాట్లాడింది ఇనలే, చూసిండు.

బస్టాండుకు నడుచుకుంట వచ్చినం. బస్సుల హారన్లు, జామకాయలు అమ్మేటోళ్ల కేకలు, మైకుల ఏదో అనౌన్స్‌మెంట్. ఆయనకు సక్కగ ముంగట నిలవడి, గొంతు ఇడువకుండ, ఉత్త మూతి మాత్రం కదిలించి అడిగిన. "మామా, నీకు చెవులు ఇనవడ్తలేవా?"

"ఎందుకు ఇనవడయి, మంచిగనే ఇనవడ్తున్నయి" అన్నడు టక్కున.

నేను కదులలే. ఆయన నా ముఖం చూసిండు. నా చుట్టు ఉన్నోళ్లను చూసిండు. నేను గొంతే ఇడువలేదని ఎరుకైంది. ముఖంల రక్తం దిగిపోయింది, పోయి సిమెంటు బల్ల మీద కూలవడ్డడు. జగిత్యాల బస్సు వచ్చింది, పోయింది. నేను పక్కన కూసోబోయి, మల్ల లేచి ఎదురుంగ గద్దె మీద కూసున్న. గప్పుడు నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"సాంచాలల్ల ఎవ్వనికి చెవులున్నయి బిడ్డా" అన్నడు. "ఎన్నడు పోయినయో నాకే తెల్వదు. షెడ్డుల అందరం మూతులే చూస్తుంటిమి. ఇంటికొస్తే మీ అత్త గొంతు ఉండె. నాకేం తక్కువ గాలే. మీ అత్త గొంతు పోయినంకనే, నా చెవులు లెవ్వని నాకు ఎరుకైంది."

"దవాఖానకు పోదాం. చెవులకు మిషన్ పెడ్తరు."

"పోయొచ్చిన, ఎవ్వలకు చెప్పలే. మిషన్ పెట్టి చూసిన్రు. నాది బాగ ముదిరిందట. సప్పుడు పెద్దగైతది గని మాట తేట గాదన్నరు. నాకు గట్లనే అయింది."

"మరి గీ సినిమా డబ్బతోని ఏమొస్తది?"

"సినిమాకు ఎవ్వడు కొంటుండు" అన్నడు. "దానికి మైకుంటది గదా. మీ అత్త మెడల ఏస్త. ఏ మూల పడ్డా, గుసగుసన్నా, నా పక్కన ఉన్న డబ్బలకెళ్లి పెద్దగ వస్తది. మాట ఉన్న డబ్బ దొరుకుతదేమోనని తిరుగుతున్న." గింత చెప్పి నా చెయ్యి పట్టుకున్నడు. "అత్తకు చెప్పకు. దాని గొంతు చిన్నగైంది గందుకే నాకు ఇనవడ్తలేదని అనుకుంటున్నది. నేను చెవిటోన్నని ఎరుకైతే ఇంట్ల మనిషున్నడన్న ధైర్యం పోతది. బాత్రూంకు పోనీకి గూడ భయపడ్తది."

చెప్పనని మాటిచ్చిన. ఇంకేం జేస్త.

ఇగ సిరిసిల్లలనే చూద్దామన్న. ఖరాబైతే ఎవ్వలు తిరుగుతరు గింత దూరం. తన ఊరి దుకాణమంటే మామకు భయం. ఎరుకున్నోళ్లు ఎన్కకెళ్లి పలకరిస్తే దొరికిపోతనని. నేను అంగి చెయ్యి పట్టుకొని పక్కనే నడిచిన. నిజంగనే షెడ్డుల పనిచేసిన ఒకాయన దుకాణంల ఎన్కకెళ్లి "ఏం బావా, కనవడుడే లేదు" అన్నడు. నేను అంగి గుంజిన. మామ తిరిగి నవ్విండు. నాకు చెమటలు పట్టినయి.

దుకాణపాయనను బతిమాలి పరీక్ష పెట్టినం. మామ గోడ దిక్కు తిరిగి నిలవడ్డడు. నేను మైకు పట్టుకొని ఎన్క ఉన్న గోదాంలకు పోయిన. అత్త లెక్క గుసగుసగ "మామా, పడిపోయిన" అన్న. డబ్బలకెళ్లి నా మాట దుకాణమంత ఇనవడ్డది. తలుపు సందుకెళ్లి చూస్తే మామ ఈపు కదులలే. "మామా, ఇంటున్నవా" అన్న గట్టిగ. కదులలే. సౌండు పెంచుమన్న. అరిచిన. బజార్ల పోయేటోళ్లు ఆగి లోపటికి చూస్తున్నరు. మామ చేతులు మాత్రం పిడికిళ్లు పడ్డయి. ఇనవడలేదని ఆయనకు గూడ ఎరుకైతుంది, నేను ఏదో ఒకటి అంటనే ఉన్ననని ఎరుకైతుంది. గా ఈపు చూడలేకపోయిన. ఇన్ని ఊర్లు తిరిగి, గింత ఆశ పెట్టుకొని, మల్ల గదే బాత్రూం, గదే చెంబు అయితదా అనిపించింది. కోపమొచ్చి, గా మైకును అరచేతితోని పటపట కొట్టిన.

బేస్ డబ్బ ఢుమ్ ఢుమ్మన్నది. మామ గిర్రున తిరిగిండు.

"ఇగో, గిప్పుడు పిలిచినవు" అన్నడు.

ఆయన కాళ్ల దిక్కు చూసిన. ఎప్పుడు విడిచిండో చెప్పులు పక్కకున్నయి. అరికాళ్లు బండకు ఆనించి నిలవడ్డడు. మల్ల పరీక్ష. దూరం పోయి మెల్లగ కొట్టిన, తిరిగిండు. ఒక్క ఏలుతోని తట్టిన, తిరిగిండు. ఇగ గా పూటంత మాట సంగతే ఇడిసిపెట్టినం. దుకాణంల ఉన్న డబ్బలన్ని వరుసగ పెట్టించి, ఏది చిన్న దెబ్బకు గూడ నేల దాక దిగుతదో గదే చూసిండు. చివరికి నల్లటిది, మొద్దుగ ఉన్నదొకటి పట్టిండు. దుకాణపాయన బిల్లు రాసుకుంట, ఇంటికొచ్చి టీవీకి కలిపిస్త సార్ అన్నడు. టీవీకి కలుపొద్దన్నడు మామ. మరి పాటలకా అంటే పాటలొద్దన్నడు. పాటలొస్తే గా దెబ్బల నడుమ అత్త దెబ్బ కలిసిపోతదని ఆయన భయం. దుకాణపాయన నా దిక్కు చూసిండు. నేను పైకి చూసిన.

ఇంట్ల అత్తకు ఏం చెప్పాల్నో దారి పొడుగూత అనుకున్న. చెప్పుడు అక్కరే పడలే. మామ బేస్ డబ్బను కుర్సీ ముంగట పెట్టుకొని దాని మీద రెండు కాళ్లు పెట్టి కూసున్నడు. మైకుకు చీర అంచుతోని పట్టీ కుట్టి అత్త మెడల నేనే ఏసిన. "గొంతుకు జోరు పెట్టొద్దు, ఊకె తట్టు" అని చెప్పిన. ఎందుకు తట్టాలె, మాట్లాడితే ఏమైతదని ఆమె అడుగలే. మామ కాళ్ల దిక్కు చూసింది, వంటింట్లకు పోయి మెల్లగ తట్టింది. మామ లేచి ఉరికిండు. "బర్రె మెడల గంట కట్టినట్టు కట్టిన్రు గదనే" అని గుసగుసగ నవ్వింది అత్త. ఆపరేషన్ అయినంక ఆమె నవ్వుడు నేను చూసుడు గదే మొదలు.

ఇగ చూడాలె ఆ ఇంటి సంబురం. ఉప్పు చూడమని తట్టుడు, సూదిల దారం ఎక్కియ్యమని తట్టుడు, ఊకెనే తట్టుడు. తట్టినప్పుడల్ల మామ ఉరుకుడు. మైకు చార్జింగు ఆయనే చూసుకునేటోడు. కరెంటు పోతే పరేషాన్ అయితడని ఇన్వర్టర్ పెట్టించినం. అత్త గొళ్లెం పెట్టుకొని తానం చేసుడు మల్ల షురూ చేసింది. మామ బజారుకు పోవుడు గూడ షురూ చేసిండు, గని పక్కింటి ముసలామెను డబ్బ కాడ కూసోబెట్టి పోయేటోడు. గా డబ్బ ఒక్కనాడు పాట పాడలే. వచ్చినోళ్లు చూసి, ఇంత మంచి హోం థియేటర్ పెట్టుకొని వార్తలు టీవీ సౌండుల చూస్తరేందని అడిగితే, "పాటలు నీ ఇంట్ల పెట్టుకో" అనేటోడు.

ఒకనాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. పక్కింటి ముసలామె చేసింది. అత్త చెయ్యలేదంటే ఏదో అయిందని, కుట్టే బ్లౌజు ఆడనే ఇడిసిపెట్టి బస్సెక్కిన.

పోయేటాలకు మామను వాకిట్ల పండవెట్టిన్రు. మీసం లేని మొఖం, నోరు మూసుకొని, ఎవ్వలనో తిట్టనీకి చూస్తున్నట్టే ఉన్నడు. వచ్చినోళ్లంత ఆయన తల కాడ నిలవడి ఏడుస్తున్నరు. నేను ముంగటికి, కాళ్ల కాడికి పోయి, ఆయన ముఖం ఎదురుంగ నిలవడి ఏడ్చిన.

అందరు పోయినంక అత్త కాడ కూసున్న. ఆమె మెడల మైకు అట్లనే ఉన్నది, తియ్యనియ్యలే. మామ చెప్పొద్దన్నది ఇగ దాచి ఏం లాభమని, "అత్తా, మామకు చెవులు..." అని మొదలువెట్టిన. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఎరుకే బిడ్డా" అన్నది. గుసగుస ఇనవడనీకి నేను ముంగటికి జరిగిన. "గంత పెద్ద గొంతు నాకు పుట్టుకతోని వచ్చిందనుకున్నవా? పెండ్లై వచ్చినప్పుడు నా మాట నాకే ఇనవడకపోతుండె. మీ అమ్మనడుగు. ఎన్నిసార్లు పిలిచినా పలుకకపోతే, నాకు సమజైంది. మొగోనికి చెప్తే చిన్నబోతడని, నా గొంతే పెంచుకున్న."

ఆమె మైకును చీర కొంగుతోని తుడిచి మల్ల ఎద మీద పెట్టుకున్నది.

"పొద్దున చాయ పెట్టి తట్టిన. రాలే. మల్ల తట్టిన. గట్టిగ కొట్టిన. పొయ్యి కాడికే గా డబ్బ సప్పుడు ఇనవడుతున్నది. వచ్చి చూస్తే కాళ్లు దాని మీదనే ఉన్నయి బిడ్డా." మెడల పట్టీ సదురుకున్నది. "ఎన్కటి లెక్కనైతే, ఇనవడలేదు గావచ్చు అనుకొని పొయ్యి కాడనే ఇంకింతసేపు నిలవడుదును. గా డబ్బ తెచ్చినంక గట్ల అనుకోనీకి గూడ లేకపాయె."